తెరిచినవాడే మూసి రావాలి

ప్రతి యేడూ మన యూనియన్ సంచికలో మిత్రులు ప్రేమ మీద కవితలూ, కట్నం మీద వ్యాసాలూ, విహారయాత్ర మీద హాస్యమూ రాస్తూంటారు. ఈసారి నన్ను కూడా ఏదో ఒకటి రాసి ఇమ్మని సంపాదక మిత్రుడు వెంటపడ్డాడు. ఆలోచించగా నాకు చేతనైన సంగతి ఒక్కటే కనబడింది. ప్రోగ్రాములోంచి తెరిచిన ఎక్సెల్‌ని సరిగా మూయడం ఎలాగ? అదీ విషయం. చెప్పగానే మిత్రుడి మొహం చిన్నబోయింది. "ఇదేదో ల్యాబ్ రికార్డులో రాసుకోవోయ్" అన్నాడు. కాని ఇది ల్యాబ్ రికార్డులో ఇమిడేది కాదు. ఇందులో మా ఊరి ముసలాయన ఒకాయన తిరిగి కట్టిన మూడు వేల రూపాయలున్నాయి. అంతకంటే ముఖ్యంగా ఆయన మాట ఉంది. అంచేత కంప్యూటరు చదవని మిత్రులు కూడా రెండు పేజీలు ఓపిక పట్టవలసిందిగా మనవి.

మాది భోగాపురం మండలంలో ఒక చిన్న పల్లె. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం పోయే జాతీయ రహదారి మీద, తగరపువలస దాటి, గోస్తనీ వంతెన దాటి వస్తే మా ప్రాంతం వస్తుంది. 2023 మే 3న అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి మా మండలం పేరు అందరికీ తెలిసింది గాని, అంతకుముందు ఎవరికైనా చెబితే "ఎక్కడా?" అని రెండుసార్లు అడిగేవారు. సముద్రం వేపు ఇసక నేలలు. అందులో కొబ్బరి, సరుగుడు, జీడిమామిడి. చెరువుల కింద వరి. మాకు చెరువు కింద ఎకరంన్నర మడి, ఇసకలో రెండెకరాల జీడితోట ఉన్నాయి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనే మొదలు.

మార్చి నుంచి మే దాకా మాకు జీడిపిక్కల కాలం. రాలిన పళ్లు ఏరి, పిక్క వేరుచేసి, ఎండబెట్టి, బస్తాలకెత్తి కొట్టుకి తోలాలి. మొన్న వేసవి సెలవుల్లో నాన్నతో కలిసి నేనూ వెళ్లాను. కొట్టు పేరు ఇక్కడ అవసరం లేదు. అక్కడ ఎలక్ట్రానిక్ కాటా, దాని పక్కన పాత కంప్యూటరు, చీటీ అచ్చుకొట్టే ప్రింటరు ఉన్నాయి. బస్తా కాటా మీద పెట్టగానే బరువు వైరు వెంట కంప్యూటరులోకి పోతుంది. గుమాస్తా రైతు పేరు కొడతాడు. ప్రోగ్రాము ఎక్సెల్‌ని తెరిచి, ఆనాటి పట్టీలో ఒక వరస రాసి, చీటీ ఇస్తుంది. ఆ చీటీ చూపిస్తేనే లోపల షావుకారు గారు డబ్బు లెక్కపెడతారు.

పొద్దున్న చీటీకి అర నిమిషం పట్టేది. మధ్యాహ్నం దాటేసరికి అదే చీటీకి ఐదారు నిమిషాలు. వరస రోడ్డు దాకా పోయేది. నెత్తిన ఎండ, బస్తాల మీద మనుషులు, అద్దె లెక్కపెట్టుకుంటున్న ఆటోలు. "మిసను అలిసిపోనాది" అని మా వాళ్లు దాన్ని కూడా ఎద్దులాగే జాలిపడేవారు. గుమాస్తా కంప్యూటరు ఆపి మళ్లీ వేసేవాడు. కాసేపు చురుగ్గా నడిచేది. మళ్లీ సాయంత్రానికి మామూలే. రెండు సీజన్లుగా ఇదే వరస అని తెలిసింది.

నేను బియస్సీలో కంప్యూటర్ సైన్సు చదువుతున్నానని నాన్న చెప్పడంతో గుమాస్తా గారు కుర్చీ ఇచ్చారు. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ఆ సమయంలో కంప్యూటరులో ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే పట్టిక అది. చూద్దును గదా, కిందికి జరిపినకొద్దీ ఎక్సెల్, ఎక్సెల్, ఎక్సెల్! లెక్కపెడితే యాభై ఎనిమిది. తెర మీద మాత్రం ఒక్కటీ కనపడదు. గుమాస్తా గారిని పొద్దుట్నుంచీ ఎన్ని చీటీలు కొట్టారని అడిగాను. యాభై ఎనిమిది. అప్పుడు నాకు సగం సంగతి తెలిసిపోయింది. చీటీకొక ఎక్సెల్ వచ్చి కూచుంటోంది, ఒక్కటీ వెళ్లడం లేదు. ఒక్కొక్కటీ కొన్ని పదుల మెగాబైట్ల చోటు పట్టుకుని కూచుంటే నాలుగు జీబీల పాత యంత్రం ఎన్నింటిని మోస్తుంది?

ఇక్కడ ఎక్సెల్ గురించి రెండు ముక్కలు. అడ్డు గళ్లూ నిలువు గళ్లూ ఉన్న పద్దుల కాగితాన్ని కంప్యూటరు తెర మీదికి తెచ్చి జనానికి అలవాటు చేసిన మొదటి ప్రోగ్రాము విసికాల్క్. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు 1979లో దాన్ని బయటికి తెచ్చారు. మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్ 1985లో మెకింటాష్ యంత్రాలకీ, 1987లో విండోస్‌కీ వచ్చింది. 1993లో వచ్చిన అయిదో ఎక్సెల్ నాటికి ఇంకో సౌకర్యం కుదిరింది. మనిషి కుర్చీలో కూర్చుని మీటలు నొక్కక్కర్లేదు. ఇంకో ప్రోగ్రాము ఎక్సెల్‌ని పిలిచి, ఆ గడిలో ఇది రాయి, ఈ కాగితం అచ్చుకొట్టు అని పురమాయించవచ్చు. ఇలా మాట్లాడుకునే పద్ధతికి కామ్ అని పేరు. 2014 ఫిబ్రవరి నుంచి ఆ కంపెనీకి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల పెద్దగా ఉన్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం. గర్వం మంచిదే. దాంతోపాటు వాళ్లు చేసిన పనిముట్టు పట్టుకునే తీరు కూడా నేర్చుకుంటే ఇంకా మంచిది.

ఇలా ప్రోగ్రాము పిలిస్తే వచ్చిన ఎక్సెల్‌కి కిటికీ ఉన్నా దాగి ఉంటుంది. అడిగితే తప్ప తెర మీద కనపడదు. పిలిచిన ప్రోగ్రాము లోపల భాగంగా కాక, విడిగా తన కాపురం తాను పెట్టుకుని నడుస్తుంది. దాన్నే ప్రాసెస్ అంటారు. మనం ఫైలు మూస్తే ఫైలే మూతపడుతుంది గాని ఆ కాపురం లేవదు. దానికి "ఇక నువ్వు పోవచ్చు" అని విడిగా చెప్పాలి. ఆ మాటే క్విట్.

ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. తీరా కొట్టులోని ప్రోగ్రాము విప్పి చూస్తే, అది రాసినతనికి ఈ సంగతి తెలుసు. క్విట్ అని శుభ్రంగా రాశాడు. అయినా ఎక్సెల్ పోవడం లేదు! రెండు రాత్రులు నాకు బుర్ర తిరిగింది. చివరకు తేలినది ఏమిటంటే, పొమ్మనడం వేరు, చెయ్యి వదలడం వేరు. ప్రోగ్రాము ఎక్సెల్‌తో మాట్లాడేటప్పుడు దాన్ని కొన్ని చోట్ల పట్టుకుంటుంది. ఎక్సెల్‌ని ఒక పట్టు, పుస్తకాన్ని ఒక పట్టు, కాగితాన్ని ఒక పట్టు, గడిని ఒక పట్టు. వీటిని రిఫరెన్సులు అంటారు. తనని ఎంతమంది పట్టుకున్నారో కామ్ లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క సున్నా అయ్యేదాకా, క్విట్ అని ఎన్నిసార్లన్నా ఆ ప్రాసెస్ లేచి వెళ్లదు.

ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. ఆయన అయిదో తరగతి దాటలేదు. విని, కాసేపు ఊరుకుని, "అంటే ఏటిరా, ఎడ్లని ఎల్లమని అదిలించి పగ్గాలు ఒగ్గకపోతే అయి ఎలాగెల్తాయి?" అన్నారు. నేను రెండు రాత్రులు తిప్పలు పడి తెలుసుకున్నది ఆయన రెండు ముద్దల మధ్య చెప్పేశారు. అంతటితో ఆగక "పగ్గాలెన్నో తెలవాలి గదా ముందల" అన్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఎందుకంటే కొన్ని పగ్గాలకి పేరుండదు. "ఎక్సెల్ చుక్క వర్క్‌బుక్స్ చుక్క ఓపెన్" అని ఒకే వరసలో రాస్తే, మధ్యనున్న వర్క్‌బుక్స్ అనే దాన్ని కూడా ప్రోగ్రాము పట్టుకుంటుంది. మనం దానికి పేరు పెట్టలేదు గనక తర్వాత వదలడానికి చేతికి దొరకదు. అందుకే పాతకాపులు ఒకే వరసలో రెండు చుక్కలు వాడకు అని ఒక సూత్రం పెట్టుకున్నారు. ప్రతిదానికీ పేరు పెట్టి, పని కాగానే లోపలివి ముందు, బయటివి తర్వాత, రిలీజ్‌కామ్‌ఆబ్జెక్ట్ అనే ఆజ్ఞతో ఒక్కొక్కటే వదిలిపెట్టాలి. ముందు గడి, తర్వాత కాగితం, తర్వాత పుస్తకం, పుస్తకాల బొత్తి, ఆఖర్న ఎక్సెల్.

"పేరులేని పగ్గాల్ని ఏలినవారే చూసుకుంటారు" అనేవాళ్లు కూడా ఉన్నారు. సీ షార్ప్ వంటి భాషల్లో గార్బేజ్ కలెక్టర్ అని ఒక ఊడ్చేవాడు ఉంటాడు. అక్కరలేని వస్తువుల్ని వాడే ఏరి పారేస్తాడు, పట్టుకున్నవాటిని వాడే వదిలిస్తాడు. అయితే వాడు ఎప్పుడు వస్తాడు? ప్రోగ్రాము తన ఇంట్లో చెత్త పేరుకున్నప్పుడు. మన ప్రోగ్రాము ఇంట్లో ఉన్నవి చిన్న చిన్న పగ్గాల కొసలే. అవి గుప్పెడు కూడా కావు, అంచేత ఊడ్చేవాడికి పిలుపు అందదు. గుట్టగా పెరుగుతున్నది పక్కింట్లో, అంటే ఎక్సెల్ ప్రాసెసుల్లో. వాడు అక్కడికి తొంగిచూడడు. రాత్రి కొట్టు కట్టేసి ప్రోగ్రాము ఆపగానే అన్నీ ఒక్కసారి పోతాయి. తెల్లారి చూస్తే అంతా శుభ్రం. రెండు సీజన్లు ఎవరికీ దొరక్కుండా ఈ రోగం బతికింది ఇందుకే.

దీనికి తోడు ఇంకొకటి. కాటా వైరు ఒక్కొక్కసారి వదులయ్యేది. అప్పుడు బరువు రావలసిన చోట ఖాళీ వచ్చేది. ఆ ఖాళీని అంకెగా మార్చబోయి ప్రోగ్రాము తప్పు చూపించి మధ్యలోనే ఆగేది. మూసే వరసలన్నీ దానికి దిగువన ఉన్నాయి గనక అక్కడిదాకా పోయేదే కాదు. పట్టీ తెరిచినట్టే ఉండిపోయేది. సాయంత్రం గుమాస్తా గారు మొత్తం కూడదామని ఆ పట్టీ తెరిస్తే, ఫైలు ఇంకొకరి వాడకంలో ఉంది, చదువుకో గాని రాయకు అని వచ్చేది. గదిలో చూస్తే ఆయన తప్ప ఇంకొకరు లేరు! "దెయ్యం పట్టింది బాబూ" అనేవారాయన. అది దెయ్యం కాదు. నోరులేని ఎక్సెల్ ఒకటి చీకట్లో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూచుంది, అంతే.

ఇక ముసలాయన సంగతి. నేను వెళ్లక ముందే, కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడొకడు వచ్చి మందు ఒకటి పెట్టి వెళ్లాడు. తెర మీద ఒక బొమ్మ. దాన్ని నొక్కితే ఎక్సెల్ అనే పేరున్న ప్రాసెసులన్నీ బలవంతాన చచ్చిపోతాయి. టాస్క్‌కిల్ అనే ఆజ్ఞ అది. యంత్రం తేలికపడేది నిజమే. అయితే దానికి మంచీ చెడూ తెలియదు. కాపలాలేని ఎక్సెల్‌నీ చంపుతుంది, మనిషి కూర్చుని పనిచేస్తున్న ఎక్సెల్‌నీ చంపుతుంది. ఒకనాడు గుమాస్తా గారు బదుళ్ల ఖాతా తెరిచి పద్దులు రాస్తూ, ఎవరో పిలిస్తే కాటా దగ్గరకి లేచారు. వరస కదలడం లేదని ఇంకొకరు ఆ బొమ్మ నొక్కారు. ఎక్సెల్ తనంతట తాను మామూలుగా పది నిమిషాలకోసారి దాచుకునే ప్రతి ఏదో మిగిలింది గాని, ఆ తర్వాత రాసిన నాలుగు పద్దులు పోయాయి. మూడు వాళ్లకి గుర్తున్నాయి. నాలుగోది మా ఊరి కౌలు రైతు ఒకాయనది. నాకు వరసకి తాత. పెట్టుబడికి తెచ్చుకున్న దాంట్లో మూడు వేలు ఆనాడే చేత్తో కట్టాడు.

పది రోజుల తర్వాత పిక్కలు తోలితే ఆ మూడు వేలూ మళ్లీ మినహాయించారు. "నానిచ్చీసినాను బాబూ" అన్నాడు తాత. కంప్యూటరులో లేదన్నారు. నలుగురూ చూస్తూండగా ఈ మాట అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. ఆఖరికి షావుకారు గారు పెద్ద మనసు చేసుకుని "సరేలే, ఇచ్చానంటున్నావు గదా, పో" అని మూడు వేలు తిరిగి చేతిలో పెట్టారు. డబ్బు చేరింది. కాని అది ఆయనకి రావలసిన లెక్కలా రాలేదు, దయలా వచ్చింది. తాత ఆ సీజన్లో మిగిలిన బస్తాలు ఆటో చార్జీ పెట్టుకుని తగరపువలస తోలుకున్నాడు గాని ఆ కొట్టు గడప తొక్కలేదు.

అంచేత మరమ్మతు మొదలుపెట్టినప్పుడు నాకు గుర్తున్నది మెమరీ కాదు, ఆ బొమ్మ. ముందు దాన్ని తీసేయించాను. తర్వాత ప్రోగ్రాములో మూడు మార్పులు చేశాను. మొదటిది, తెరిచి రాసి అచ్చుకొట్టే పనంతా ఒక విడి భాగంలో పెట్టి, దానికి ట్రై అనీ ఫైనల్లీ అనీ రెండు అరలు చేశాను. పని సజావుగా జరిగినా, మధ్యలో తప్పు వచ్చినా, ఫైనల్లీలో రాసినది జరిగి తీరుతుంది. మూసే వరసలు అక్కడికి చేర్చాను. పుస్తకం మూయి, క్విట్ అను. రెండోది, ఎక్సెల్ "దాచమంటారా వద్దా?" అని ప్రశ్న అడిగి ఎవరికీ కనపడని కిటికీలో జవాబు కోసం ఎదురుచూడకుండా, ముందే దాచేసి, హెచ్చరికలు ఆపేశాను. మూడోది, ఆ విడి భాగం పూర్తిగా ముగిసి బయటికి వచ్చాకనే ఊడ్చేవాణ్ణి నేనే పిలిచాను. జీసీ కలెక్ట్, ఆ వెంట వెయిట్ ఫర్ పెండింగ్ ఫైనలైజర్స్, ఇదే జత రెండోసారి. లోపలుండగానే పిలిస్తే లాభం లేదు. పని జరుగుతున్న గదిలోని వస్తువుని వాడు ఇంకా వాడకంలో ఉందనుకుని ముట్టుకోకపోవచ్చు.

తర్వాత పరీక్ష. ఒక చీటీ కొట్టాను. పట్టికలో ఎక్సెల్ వచ్చింది, రెండు మూడు సెకన్లలో పోయింది. పది కొట్టాను, పదీ పోయాయి. కాటా వైరు కావాలని పీకి కొట్టాను. ప్రోగ్రాము తప్పు చూపించింది, ఎక్సెల్ మాత్రం పోయింది. నాకు అన్నింటికంటే సంతోషం కలిగించింది ఇదే. మంచిరోజున మూయడం ఎవరైనా చేస్తారు. వైరు ఊడిన రోజున కూడా మూతపడితేనే అది మూయడం.

ఎన్ని చేసినా మొండికేసిన ఎక్సెల్‌ని చంపక తప్పదనే సందర్భం రావచ్చు. అప్పుడైనా పేరు పట్టి చంపకూడదు. మనం పిలిచిన ఎక్సెల్ కిటికీకి ఒక సంఖ్య ఉంటుంది. దాన్నిబట్టి ఆ ఒక్క ప్రాసెస్ సంఖ్య తెలుసుకునే మార్గం విండోస్‌లో ఉంది. మన చేత్తో తెచ్చినదాని సంఖ్య రాసుకుని, దాన్ని మాత్రమే ఆపాలి. మన గట్టు మీద కలుపుకి నిప్పు పెట్టి పక్కవాడి గడ్డివాము కాల్చకూడదు గదా.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మనిషి చూడని చోట, సర్వర్ల మీద, ఎక్సెల్‌ని ఇలా పిలిచి వాడవద్దని మైక్రోసాఫ్ట్ వారే చెబుతారు. అది మనిషి ఎదురుగా కూర్చుని వాడడానికి చేసిన వస్తువు. 2007 ఎక్సెల్ నుంచి వచ్చిన కొత్త రకం ఫైలు, విప్పి చూస్తే, కొన్ని ఎక్స్ఎంఎల్ కాగితాలు కట్టిన జిప్ మూట. ఆ కట్టు తీరు 2006లోనే ప్రమాణంగా అచ్చయింది. అంచేత ఎక్సెల్‌ని పిలవకుండానే ఆ మూటని విప్పి రాసి కట్టగల పనిముట్లున్నాయి. పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్, సీ షార్ప్‌లో క్లోజ్డ్‌ఎక్స్ఎంఎల్ అలాంటివే. వరస రాయడం మటుకే పనైతే అసలు కూలీని పిలవనే అక్కర్లేదు, పిలవనివాణ్ణి పంపే బాధా లేదు. కొట్టులో చీటీ ఎక్సెల్ అచ్చులోనే కావాలన్నారు గనక నేను పాత దారిలోనే మరమ్మతు చేశాను.

ఆ తర్వాత మూడు వారాలు అక్కడే ఉన్నాను. సాయంత్రం చీటీ కూడా పొద్దుటి చీటీలాగే అర నిమిషంలో వచ్చేది. గుమాస్తా గారు ఇప్పుడు బదుళ్ల పద్దు కంప్యూటరులో రాసినా, కట్టినవాడికి చేతిరాతతో ఒక కాగితం కూడా ఇస్తున్నారు. అది నా సలహా కాదు, ఆయనే మొదలుపెట్టారు. తాతకి జరిగినదంతా వివరంగా చెప్పాను. కంప్యూటరులో పద్దు ఎలా పోయిందో, తప్పు తనది కాదో, అంతా. విని "అయితే నానిచ్చినట్టు దానికి తెలుసన్నమాట" అన్నాడు. అవును తాతా, తెలిసే ఉండేది అన్నాను. ఆ మాట షావుకారు గారి చేత చెప్పిస్తావా అని అడిగాడు. ఈ సీజన్‌కి అది నా వల్ల కాలేదు. వచ్చే సీజన్లో ప్రయత్నం చేస్తాను.

మిత్రులారా, మనలో చాలామంది రేపు ఏదో ఒక కంపెనీలోనో, బ్యాంకులోనో, పంచాయతీ ఆఫీసులోనో ఇలాంటి ప్రోగ్రాములు రాస్తాం. మనం తెరిచినది తెర మీద కనపడదు. దాని వల్ల ఎండలో నిలబడేవాడు కూడా మనకి కనపడడు. ఇవాళ ల్యాబ్‌లోంచి లేచేముందు టాస్క్ మేనేజర్ తెరిచి ఒక్కసారి కిందిదాకా జరిపి చూడండి. అక్కడ మీరు పిలిచినది ఏదైనా ఇంకా కూచుని ఉంటే, దాన్ని పంపించి మరీ ఇంటికి వెళ్లండి.